పరిశోధకుని ప్రపంచ దృక్పథం – పరిశోధనా రూపకల్పన: 1878 ఒంగోలు బాప్తిస్మముల ఉదాహరణతో ఒక పరిశీలన

ప్రవేశిక

పరిశోధనా వ్యాసం ప్రారంభించే వేదాంత విద్యార్థులు మమ్మల్ని సాధారణంగా మొదట అడిగే ప్రశ్న: "ప్రశ్నావళి తయారు చేయమంటారా, ఇంటర్వ్యూలు తీసుకోమంటారా?" నిజానికి ఇది చివర అడగవలసిన ప్రశ్న. దానికి ముందు మరికొన్ని ప్రశ్నలున్నాయి. మనం దేనిని సత్యమని అంగీకరిస్తాము? ఆ సత్యం మనకు ఏ మార్గంలో తెలుస్తుంది? ఎవరి మాటను సాక్ష్యంగా స్వీకరిస్తాము? వీటికి మన మనస్సులో ముందే స్థిరపడిన జవాబులే మన ప్రపంచ దృక్పథం. మనం గమనించినా గమనించకపోయినా అదే మన పరిశోధనను నడిపిస్తుంది.

అనేక పరిశోధనా వ్యాసాలలో "పరిశోధనా పద్ధతి" అనే అధ్యాయం ఒకరిని చూసి మరొకరు రాసినట్లు ఉంటుంది. అందులో తత్వవేత్తల పేర్లు కనిపిస్తాయి గాని, ఆ పేర్లకూ తరువాతి అధ్యాయాలలోని ప్రశ్నావళికీ సంబంధం కనిపించదు. ఆ సంబంధాన్ని స్పష్టం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. తత్వశాస్త్ర పదాలను మాత్రమే వివరిస్తే విషయం గాలిలో తేలిపోతుంది కనుక, తెలుగు క్రైస్తవ చరిత్రలో అందరికీ తెలిసిన ఒక సంఘటనను తీసుకొని, నాలుగు దృక్పథాలు దానిని ఏ విధంగా పరిశోధిస్తాయో చూపిస్తాము.

1. పద్ధతి వెనుకనున్న మూడు ప్రశ్నలు

ప్రతి ప్రపంచ దృక్పథం మూడు ప్రశ్నలకు జవాబిస్తుంది. మొదటిది సత్తా మీమాంస: వాస్తవం మన ఆలోచనలతో నిమిత్తం లేకుండా వెలుపల ఉన్నదా, లేక మనుష్యులు కలిసి జీవిస్తూ ఏర్పరచుకొనేదా? రెండవది జ్ఞాన మీమాంస: దానిని తెలుసుకోవడానికి పరిశోధకుడు దూరంగా నిలబడాలా, దగ్గరకు వెళ్ళాలా? మూడవది మూల్య మీమాంస: పరిశోధకుని విలువలు పరిశోధనలో ప్రవేశించవచ్చునా?

ఇది వేదాంత విద్యార్థులకు కొత్త సంగతి కాదు. బైబిలు వ్యాఖ్యాన తరగతిలో మనం దీనిని ముందే ఎదుర్కొన్నాము. 1898లో ఎర్నెస్ట్ ట్రోల్చ్ చారిత్రక పద్ధతికి మూడు సూత్రాలు చెప్పాడు: విమర్శ, సాదృశ్యం, పరస్పర సంబంధం. నేడు జరిగేవాటిని పోలినవే గతంలోనూ జరిగి ఉంటాయని సాదృశ్య సూత్రం భావిస్తుంది. ఆ సూత్రాన్ని కచ్చితంగా పాటించేవాడు పునరుత్థానాన్ని గురించిన సాక్ష్యాలను చదవక మునుపే ఒక నిర్ణయానికి వచ్చి ఉంటాడు. అనగా పద్ధతి రూపంలో ఒక తత్వం లోపలికి వచ్చింది. ముందస్తు అవగాహన లేకుండా వ్యాఖ్యానం సాధ్యమా అని రుడాల్ఫ్ బుల్ట్‌మన్ 1957లో ఒక వ్యాసంలో ప్రశ్నించాడు. ముందే ఒక నిర్ణయానికి వచ్చి చదవడం తగదని, అయితే వాక్యభాగాన్ని సమీపించే ప్రతివాడూ ఏదో ఒక ప్రశ్నతో, ఏదో ఒక అవగాహనతోనే వస్తాడని ఆయన వివరించాడు. లేఖనాన్ని చదివే విషయంలో మనం అంగీకరించిన ఈ సంగతిని సంఘమును పరిశోధించే విషయంలో మాత్రం మరచిపోతున్నాము.

2. మన ఉదాహరణ: 1878 జూలై 3

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో పరిచర్య ప్రారంభించాడు. అదే సంవత్సరంలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సోదరుడు, ఆయన భార్య బాప్తిస్మము పొందారు. పేరయ్య తన బంధువర్గం ఉన్న పల్లెలలో తిరిగి ఈ కొత్త మార్గాన్ని గురించి చెప్పాడు. బంధుత్వాల ద్వారా ఉద్యమం పల్లె నుండి పల్లెకు వ్యాపించింది.

1876-78 సంవత్సరాలలో దక్షిణ భారతాన్ని మహా క్షామం పీడించింది. క్షామ నివారణ పనులలో భాగంగా బకింగ్‌హామ్ కాలువ తవ్వకం జరిగినప్పుడు క్లౌ సుమారు మూడున్నర మైళ్ళ భాగాన్ని కాంట్రాక్టుగా తీసుకొని ఆకలితో ఉన్నవారికి పని కల్పించాడు. ఆయన బోధకులు ఆ కూలీలకు మేస్త్రీలుగా ఉండి, పని విరామ సమయాలలో వారికి సువార్త చెప్పారు. అయితే సహాయం కోసమే ప్రజలు వస్తారనే భయంతో క్లౌ క్షామ సహాయం సాగుతున్న కాలంలో బాప్తిస్మములు నిలిపివేశాడు. 1878 జూన్ మధ్యలో వాటిని తిరిగి ప్రారంభించాడు. జూలై 3వ తేదీన ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు బోధకులు, ఒకేసారి ఇద్దరు చొప్పున, ఈ బాప్తిస్మములు ఇచ్చారు.

ఈ సంఘటన నేటికీ వివాదానికి గురవుతూనే ఉంది. వీరు అన్నం కోసం మతం మారినవారని కొందరు అంటారు. ఇది పరిశుద్ధాత్మ కార్యమని కొందరు, కుల పీడన నుండి విడుదల కోసం జరిగిన పోరాటమని మరికొందరు చెబుతారు. ఈ మూడు మాటల వెనుకా మూడు రకాల ప్రశ్నలున్నాయి. మన సంఘములలో అనేకమంది విశ్వాసులకు ఇది తమ ముత్తాతలను గూర్చిన ప్రశ్న. కనుక దీనిని ఏ పద్ధతిలో పరిశోధిస్తామన్నది కేవలం విద్యావిషయకమైన సంగతి కాదు.

3. నాలుగు దృక్పథాలు, నాలుగు రూపకల్పనలు

(అ) ప్రత్యక్షవాదం, దాని తరువాతి రూపం

ఆగస్ట్ కామ్టే (1798-1857) ప్రకృతి శాస్త్రాల పద్ధతినే సమాజ అధ్యయనానికి కూడా ఆదర్శంగా తీసుకున్నాడు. పరిశీలించి, కొలిచి, నియమాలు కనుగొనడమే జ్ఞానమన్నది ఈ మార్గం. 1934లో కార్ల్ పోపర్ దీనికి ఒక ముఖ్యమైన దిద్దుబాటు చేశాడు. ఎన్ని ఉదాహరణలు చూపినా ఒక సిద్ధాంతం పూర్తిగా రుజువు కాదు. అది తప్పని తేలే అవకాశాన్ని ఇచ్చి పరీక్షించడమే శాస్త్రం చేయగల పని. ఈ దిద్దుబాటును అంగీకరించేవారిని ప్రత్యక్షవాదానంతర దృక్పథం గలవారు అంటారు.

ఈ దృక్పథం గల పరిశోధకుడు మన ఉదాహరణను ఇలా తీసుకొంటాడు: "క్షామ సహాయమే బాప్తిస్మములకు కారణం" అనేది పరికల్పన. అది నిజమైతే కొన్ని ఫలితాలు కనిపించాలి. క్షామానికి ముందు ఆ పల్లెలలో ఆసక్తి తక్కువగా ఉండాలి. సహాయం ఎక్కువగా అందిన చోట బాప్తిస్మములు ఎక్కువగా ఉండాలి. సహాయం ఆగిన తరువాత సంఘములు కరిగిపోవాలి. ఈ మూడింటినీ బాప్తిస్మ రిజిస్టర్లతో, క్షామ నివేదికలతో, తరువాతి సంవత్సరాల సంఘ లెక్కలతో పోల్చి చూస్తాడు. క్షామం తీవ్రంగా ఉండి మిషను లేని ప్రాంతాలను కూడా పక్కన పెట్టి చూస్తాడు.

జె. వాస్కమ్ పికెట్ 1933లో ప్రచురించిన భారత క్రైస్తవ సామూహిక ఉద్యమాల అధ్యయనం ఈ మార్గానికి దగ్గరగా ఉంటుంది. ఆయన బృందం దేశంలోని పలు ప్రాంతాలలో క్రైస్తవులను ప్రశ్నించి, వారు చెప్పిన కారణాలను ఆత్మీయ, లౌకిక, సామాజిక కారణాలుగాను, క్రైస్తవ కుటుంబంలో పుట్టడంగాను వర్గీకరించింది. ఆ కారణాలను ఆరాధన హాజరు, ప్రార్థనల జ్ఞానం, కానుకలు, దయ్యాల భయం నుండి విడుదల వంటి వాటితో పోల్చింది. ఏ కారణంతో వచ్చారన్న దానికంటె, బాప్తిస్మము తరువాత వారికి అందిన బోధ, ఆరాధన, కాపరి పరిచర్య ఎక్కువ ప్రాముఖ్యం గలవని ఆ అధ్యయనం చూపింది. వట్టి అభిప్రాయాలతో ఈ సంగతి తేలేది కాదు. లెక్కించడం వలన తేలింది.

అయితే దీని పరిమితి కూడా ఇక్కడే ఉంది. ఆకలితో ఉన్న మనిషి "దేవుడు నన్ను బ్రతికించాడు" అంటే దానిని లౌకిక కారణం కింద రాయాలా, ఆత్మీయ కారణం కింద రాయాలా? చెప్పినవానికి ఆ రెండూ ఒక్కటే. వాటిని రెండు గడులుగా విడదీసింది పరిశోధకుడు.

(ఆ) వ్యాఖ్యాన దృక్పథం

విల్హెల్మ్ డిల్తై (1833-1911) ప్రకృతిని వివరిస్తామని, మానవ జీవితాన్ని మాత్రం అవగాహన చేసుకోవాలని భేదం చూపించాడు. హాన్స్-గియార్గ్ గాడమర్ 1960లో వెలువరించిన తన ప్రధాన గ్రంథంలో, అర్థం చేసుకొనేవాని నేపథ్యం అడ్డంకి మాత్రమే కాదని, అవగాహనకు ద్వారమని చూపించాడు. సామాజిక వాస్తవాన్ని మనుష్యులు ఇచ్చుకొనే అర్థాలలో వెదకాలి అన్నది ఈ దృక్పథం.

ఇక్కడ ప్రశ్న మారిపోతుంది. "ఎందువలన బాప్తిస్మము పొందారు?" అని కాక, "ఆ నీళ్ళలో దిగడం వారికి ఏమని అర్థమైంది?" అని అడుగుతాము. ఊరి బావిని తాకనివ్వని కులానికి చెందినవారు నదిలో దిగి, తమవంటి బోధకుని చేతిలో మునిగి లేచినప్పుడు దానిని ఎలా గ్రహించారు? దీనికి గణాంకాలు సరిపోవు. కుటుంబాలలో చెప్పుకొనే కథలు, పాటలు, పిల్లలకు పెట్టిన పేర్లు, సమాధుల మీది మాటలు ఇక్కడ ఆధారాలవుతాయి. నమూనా ఎంత పెద్దది అన్నదానికంటె ఎంత లోతుగా విన్నామన్నది ముఖ్యమవుతుంది.

ఎమ్మా రౌషెన్‌బుష్-క్లౌ 1899లో ప్రచురించిన "వైల్ సూయింగ్ శాండల్స్" అనే గ్రంథం మాదిగల కథనాలను, వారి దేవతలను, గురువులను గూర్చిన విషయాలను నమోదు చేసింది. తరువాతి కాలంలో పి. వై. లూక్, జాన్ బి. కార్మన్ మెదక్ అధ్యక్ష మండలంలోని జంగరాయి సెక్షన్‌లో గ్రామీణ సంఘమును అధ్యయనం చేసి 1968లో ప్రచురించారు. ఆదివారం ఆరాధనకు వచ్చే విశ్వాసి గ్రామదేవతల భయాన్ని, పల్లె పండుగలను ఎలా ఎదుర్కొంటున్నాడో వారు దగ్గరగా చూశారు. "విగ్రహాలను విడిచిపెట్టారా? అవును / కాదు" అనే ప్రశ్నతో అది బయటపడి ఉండేది కాదు.

దీని పరిమితి: 1899 నాటి గ్రంథంలో మాదిగల స్వరం మిషనరీ కలం ద్వారానే మనకు వినబడుతుంది. ఒక పల్లెలో లోతుగా విన్నదానిని జిల్లా అంతటికీ వర్తింపజేయలేము. అర్థాల మీదనే దృష్టి నిలిపినవాడు కొన్నిసార్లు అసలు ఏమి జరిగిందో పరీక్షించడం మరచిపోతాడు.

(ఇ) పరివర్తన దృక్పథం

జ్ఞానం ఎవరి చేతిలో ఉంటే అధికారం వారి చేతిలో ఉంటుందని, కనుక పీడితులను పరిశోధించడం కాక పీడితులతో కలిసి పరిశోధించాలని ఈ దృక్పథం కోరుతుంది. బ్రెజిల్ విద్యావేత్త పౌలో ఫ్రేరె రచనలు దీనికి ముఖ్య ఆధారం. మన దేశంలో అరవింద్ పి. నిర్మల్ 1981లో బెంగుళూరు యునైటెడ్ థియోలాజికల్ కళాశాలలో చేసిన ప్రసంగం దళిత వేదాంతానికి దారి తీసింది. బాధ కేవలం పరిశోధనా వస్తువు కాదని, దేవుని తెలుసుకొనే స్థలమని ఆయన వాదించాడు. ఇది జ్ఞాన మీమాంసకు సంబంధించిన ప్రతిపాదన.

ఈ దృక్పథంతో వెల్లంపల్లిని చూసే పరిశోధకుడు ఇలా అడుగుతాడు: ఈ చరిత్రలో క్లౌ పేరు పెద్దగా, పేరయ్య పేరు చిన్నగా ఎందుకున్నది? పేరయ్య భార్య వంటి స్త్రీలు ఎక్కడ? బాప్తిస్మము పొందిన తరువాత చచ్చిన పశువులను మోయడం, వెట్టి చేయడం గురించి పల్లెలో ఏ సంఘర్షణ జరిగింది? నేడు మన సంఘములలో కులభేదం ఎలా నిలిచి ఉన్నది? రూపకల్పన కూడా మారుతుంది. సంఘస్థులే ప్రశ్నలను తయారు చేయడంలో పాల్గొంటారు, ఫలితాలను మొదట వారే వింటారు, పరిశోధన చివర ఒక మార్పుకు దారి తీయాలి.

దీని ప్రమాదం ఏమిటంటే, ముగింపు ముందే సిద్ధంగా ఉండి ఆధారాలు దాని వెంట నడవడం. పల్లెవారు ప్రార్థనను, స్వస్థతను, పాపక్షమాపణను గురించి చెబుతున్నప్పుడు, దానిని కూడా విమోచన పోరాటంగానే అనువదిస్తే, వారి స్వరాన్ని మనం మరల అణచినట్లే.

(ఈ) కార్యసాధక దృక్పథం

చార్లెస్ పర్స్, విలియం జేమ్స్, జాన్ డ్యూయీ అనే అమెరికన్ తత్వవేత్తల నుండి వచ్చిన ఈ మార్గం ప్రాగ్మాటిజం. ఒక భావం ఆచరణలో ఏ ఫలితాలనిస్తుందో చూసి దాని విలువను గ్రహించాలంటుంది. పరిశోధనలో ఇది మిశ్రమ పద్ధతులకు మార్గం తెరిచింది. సమస్య ఏది కోరితే ఆ పద్ధతిని తీసుకొంటారు. ఉదాహరణకు, మొదట రిజిస్టర్ల ద్వారా ఏ పల్లెలలో సంఘము నిలిచిందో, ఎక్కడ నిలువలేదో గుర్తించి, తరువాత ఆ రెండు రకాల పల్లెలలో కొన్ని కుటుంబాలతో దీర్ఘంగా మాట్లాడవచ్చును.

పాస్టర్లకు ఇది ఆకర్షణీయంగా కనిపిస్తుంది. అయితే "పనికివచ్చేది" అన్నప్పుడు ఎవరికి పనికివచ్చేది అని అడగాలి. రెండు పద్ధతులను పక్కపక్కన పెట్టినంతమాత్రాన అది మిశ్రమ పరిశోధన కాదు. ఒకటి ఇచ్చిన ఫలితం రెండవదానిని ప్రశ్నించాలి.

4. దృక్పథానికీ పద్ధతికీ పొత్తు కుదరనప్పుడు

మా పరిశీలనలో తరచుగా కనిపించే లోపాలను ఇక్కడ పేర్కొంటాము.

మొదటిది, చెప్పేది ఒకటి, చేసేది మరొకటి. "విశ్వాసుల అనుభవాన్ని వారి దృష్టితో అవగాహన చేసుకొంటాము" అని రాసి, చివరకు అవును-కాదు ప్రశ్నలు ముప్పై ఇచ్చి శాతాలు లెక్కగడతారు. శాతాలు తప్పు కాదు. అవి అడిగిన ప్రశ్నకు జవాబు కావు.

రెండవది, పాస్టరే పరిశోధకుడైనప్పుడు వచ్చే చిక్కు. "మీరు అనుదినము కుటుంబ ప్రార్థన చేస్తారా?" అని తమ పాస్టరుగారే వచ్చి అడిగితే, "చేస్తామండీ అయ్యగారూ" అనే చాలామంది చెబుతారు. అది అబద్ధమనే ఉద్దేశంతో కాదు, గౌరవంతో చెప్పిన మాట. ప్రత్యక్షవాద దృక్పథం దీనిని కొలతలోని దోషమంటుంది. వ్యాఖ్యాన దృక్పథం ఆ జవాబే పాస్టరుకూ సంఘానికీ గల సంబంధాన్ని తెలిపే సమాచారమంటుంది. పరివర్తన దృక్పథం అందులో అధికారాన్ని చూస్తుంది. పరిశోధకుడు ఎక్కడ నిలబడ్డాడో చెప్పకపోతే చదివేవారు ఆ జవాబును ఏమని తీసుకోవాలో తెలియదు.

మూడవది, లెక్కలను వాటి చరిత్ర లేకుండా వాడడం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిన సవరణల తరువాత కూడా, క్రైస్తవ్యం స్వీకరించిన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వడం లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వారు బి.సి.-సి వర్గంలోకి వస్తారు. ఈ కారణంగా ప్రతి ఆదివారం ఆరాధనకు వచ్చే కుటుంబం ప్రభుత్వ పత్రాలలో క్రైస్తవులుగా నమోదు కాకపోవచ్చును. జనగణన సంఖ్యను "క్రైస్తవుల సంఖ్య" అని నేరుగా తీసుకొనే విద్యార్థి, ఒక చట్టం ప్రభావాన్ని విశ్వాసపు కొలతగా పొరబడుతున్నాడు. అంతేకాదు, పేరు, కులం, మతం ఒకే కాగితం మీద రాయించుకొన్న ప్రశ్నావళి ఆ కుటుంబానికి హాని చేయగలదు. పేర్లు తీసుకోకుండా ఉండడం, కాగితాలను భద్రపరచడం మూల్య మీమాంసకు ఆచరణ రూపం.

5. విశ్వాసియైన పరిశోధకుడు ఎక్కడ నిలబడాలి?

ఈ నాలుగింటిలో ఏది క్రైస్తవ దృక్పథమని విద్యార్థులు అడుగుతారు. ఏ ఒక్కదానికీ ఆ పేరు పెట్టలేమని మా అభిప్రాయం. సృష్టి మన ఆలోచన మీద ఆధారపడక ఉన్నదని నమ్ముతాము గనుక, వాస్తవమంతా మానవ నిర్మాణమే అనలేము. మన జ్ఞానం పరిమితమైనదని, పాపముచేత వంకరపోయినదని నమ్ముతాము గనుక, నిష్పక్షపాతంగా సమస్తాన్ని చూడగలమని కూడా అనలేము. ఈ రెంటినీ కలిపి పట్టుకొనే స్థానాన్ని విమర్శనాత్మక వాస్తవికవాదం అంటారు. మైకేల్ పొలాన్యీ 1958లో చూపినట్లు, శాస్త్రజ్ఞుడు సైతం వ్యక్తిగతమైన నిబద్ధతతోనే తెలుసుకొంటాడు. నిబద్ధత ఉండడం దోషం కాదు, దానిని దాచడం దోషం.

దేవుని కార్యాన్ని ప్రశ్నావళిలో ఒక అంశంగా కొలవలేము. కనుక 2,222 అనే సంఖ్య పరిశుద్ధాత్మ కార్యానికి రుజువు కాదు. అదే కారణాన క్షామం అనే వివరణ దేవుని కార్యాన్ని కొట్టివేయనూ లేదు. ఆకలి, బంధుత్వం, పేరయ్య ప్రయాణాలు, గౌరవం కోసం తపన, ప్రార్థన – వీటన్నిటినీ ఓపికగా పరిశీలించి, తన విశ్వాసానికి ఇబ్బంది కలిగించే ఆధారాన్ని కూడా నమోదు చేయడమే పరిశోధకుని బాధ్యత. సువార్తికుడైన లూకా తన గ్రంథారంభంలో సమస్తాన్ని మొదటి నుండి తరచి పరిశోధించినట్లు చెప్పుకొన్నాడు. విశ్వాసం విచారణకు అడ్డు కాదని అది మనకు మాదిరి.

6. రూపకల్పనకు ముందు వేసుకోవలసిన ప్రశ్నలు

పద్ధతి అధ్యాయం రాయడానికి కూర్చొనే విద్యార్థి ఈ ఐదు ప్రశ్నలకు సొంత మాటలలో జవాబు రాసుకోవాలని మా సూచన:

1) నా ప్రశ్న "ఎంతమంది, ఏ కారణం" అనేదా, "ఏమి అర్థం" అనేదా, "ఏమి మారాలి" అనేదా?
2) ఈ విషయంలో ఎవరి మాటను నేను ఆధారంగా తీసుకొంటున్నాను? ఎవరి మాట నాకు చేరడం లేదు?
3) నేను ఆ సంఘములో ఎవరిని? పాస్టరునా, బంధువునా, వేరే కులానికి చెందినవాడినా?
4) ఏ ఆధారం కనబడితే నా అభిప్రాయం తప్పని ఒప్పుకొంటాను?
5) ఈ పరిశోధన ముగిసిన తరువాత నాకు జవాబులు చెప్పినవారికి ఏమి మిగులుతుంది?

నాల్గవ ప్రశ్నకు జవాబు లేని పరిశోధన ప్రసంగమవుతుంది. ఐదవదానికి జవాబు లేనిది సంఘమును వాడుకోవడమవుతుంది.

ముగింపు

గుండ్లకమ్మ ఒడ్డున ఆ రోజు నీళ్ళలో దిగినవారిని గూర్చి లెక్కలు ఉన్నాయి, కథలు ఉన్నాయి, నిందలు ఉన్నాయి. ఏ ఒక్క పద్ధతీ వారిని సంపూర్ణంగా మనకు అప్పగించదు. అయితే తాను ఏ దృక్పథంతో చూస్తున్నదీ ఎరిగినవాడు తన చూపు ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పగలడు. తన దృక్పథాన్ని ఎరుగనివాడు తాను చూసినదే సమస్తమనుకొంటాడు. సంఘ చరిత్రను రాయబోయే మన విద్యార్థులు, ఆ చరిత్రకు వారసులైన విశ్వాసులను ప్రతి ఆదివారం కలిసే మన పాస్టర్లు, ప్రశ్నావళి చేతికి తీసుకొనే ముందు తమ దృక్పథాన్ని పరీక్షించుకొంటే ఈ వ్యాసం ఉద్దేశం నెరవేరినట్లే.